మొదట తరాజు కొనండి, మిషన్ తర్వాత

మా ఆపా కొడుకు డల్లాస్ పక్కన ఉంటాడు. వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది, అక్కడి పౌరసత్వం కూడా వచ్చేసింది. పోయినసారి వెళ్ళినప్పుడు రెండు నెలలు వాళ్ళింట్లోనే ఉన్నాను. చేరిన మూడో రోజే ఆపా నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "నీ భాంజా గ్యారేజీలో బారూద్ పెట్టుకుని కూర్చుంటున్నాడురా. నా మాట వినడు. మామూవి కదా, నువ్వైనా చెప్పు" అంది. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

చెప్పడానికే వెళ్ళాను. గంటన్నర తర్వాత బయటికొచ్చేసరికి నేనే వాడి దగ్గర పాఠం నేర్చుకుని వచ్చాను. దాంతో ఆపాకి నా మీద కూడా కోపం వచ్చింది.

వాడు చేసేది రీలోడింగ్. రైఫిల్ పేల్చాక కింద పడే ఇత్తడి గొట్టం ఉంటుంది చూడండి, మన పోలీసువాళ్ళు ఖోఖా అంటారు, దాన్ని పారేయకుండా ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపి, కొత్త గోలీ బిగించి ఇంట్లోనే తూటా తయారుచేసుకోవడం. అమెరికాలో ఇది లక్షల మందికి ఉన్న షౌక్. సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే మాత్రం కావాలి. వాడి దోస్తులు కూడా మనవాళ్ళే, గుంటూరు, నిజామాబాద్, కర్నూలు వాళ్ళు. ఆదివారాలు కలిసి రేంజికి వెళ్తారు. వీడి గ్యారేజీ చూసి వాళ్ళలో నలుగురు "మేమూ మొదలుపెడతాం" అంటున్నారట. ఈ వ్యాసం రాస్తున్నది ఆ నలుగురి కోసం, అలాంటి మిగతా పిల్లల కోసం.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఇది చెడ్డ షౌక్ కాదు. ఇందులో హునర్ ఉంది, సబర్ ఉంది. కానీ పైసలు మిగులుతాయని మొదలుపెట్టేవాడు, మిషన్ కొనేసి ఆ తర్వాత పుస్తకం తెరిచేవాడు, వీళ్ళిద్దరూ దీనికి దూరంగా ఉంటేనే వాళ్ళకీ పక్కవాళ్ళకీ ఖైరియత్.

ఆపాకి ఇదంతా అమెరికా పిచ్చిలా కనిపించింది గానీ, మా ఖాందాన్‌లో ఇది కొత్త కాదు. మా నానా దగ్గర లైసెన్సు ఉన్న భర్మార్ బందూఖ్ ఉండేది, తెలుగులో బర్మారు తుపాకి అంటామే, అదే. ఆ తుపాకీకి కొన్న తూటా అంటూ ఉండదు. గొట్టం నోట్లో కొలిచిన మందు పోయాలి, గుడ్డపీలిక కుక్కాలి, ఛర్రాలు వేయాలి, మళ్ళీ కుక్కాలి, వెనక చిన్న టోపీ తగిలించాలి. ప్రతి దెబ్బకీ నానాయే కార్ఖానా. ఆయన మందు కొలవడానికి ఒక వెదురు ముక్క ఉండేది, దాని మీద కత్తితో గీసిన గీటు. ఆ గీటు దాటి ఒక్క రేణువు పోసేవాడు కాదట. పిల్లలు పక్కనుంటే మందు డబ్బీ మూత తీసేవాడే కాదు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక షికార్ ఆగిపోయింది, బందూఖ్ ఠాణాకి వెళ్ళింది. వెదురు ముక్క మాత్రం చాలా ఏళ్ళు అమ్మీ పాన్‌దాన్‌లో ఉండేది, దాన్ని సున్నం కలపడానికి వాడేవాళ్ళం.

తూటాలో ఏముందో తెలియాలన్న పట్టుదల మన మట్టిలో పాతదే. 1857లో సిపాయీల ఏతరాజ్ ఏమిటి? ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కార్తూస్ కాగితానికి పూసిన కొవ్వు ఎవరిది, ఏ జంతువుది అన్నదే కదా. పంటితో కొరికి మందు పోయాల్సిన వస్తువు, దాన్ని చేసింది ఎవరో దూరాన ఉన్నవాళ్ళు. చివరికి కంపెనీ సర్కారు దిగొచ్చి, కావాలంటే మీరే బజార్లో నూనో మైనమో కొనుక్కుని పూసుకోండి అనాల్సి వచ్చింది. అప్పటికే ఏతబార్ పోయింది, ఇక ఆ మాట ఎవరు వింటారు.

సరే, గ్యారేజీలోకి వద్దాం. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి ఖోఖా, దాని అడుగున టోపీలాంటి ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గోలీ. (మన తెలుగులో మందు అంటే జ్వరానికి వేసుకునేది, రాత్రి తాగేది, తుపాకీలో పోసేది కూడా. ముగ్గురికీ మోతాదు తప్పితే గతి ఒకటే.) పేలినప్పుడు మందు కాలిపోతుంది, గోలీ వెళ్ళిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. ఇత్తడి ఒక్కటే మిగులుతుంది, నాలుగింటిలో సాధారణంగా ఖరీదైనది అదే. జాగ్రత్తగా వాడితే ఒక ఖోఖా అయిదారుసార్లు, ఇంకా ఎక్కువ కూడా పనికొస్తుంది. రీలోడింగ్‌లో హిసాబ్ మొత్తం ఇక్కడే నిలబడుతుంది.

అందుకే కుర్రాళ్ళు కాగితం మీద లెక్క వేసి, తూటాకి ఇంత మిగిలితే వెయ్యి తూటాలకి ఇంత అని సంబరపడతారు. ఆ లెక్క అబద్ధం కాదు, అధూరా. ప్రెస్ కొనాలి, డైలు కొనాలి, తరాజు, కాలిపర్, ఇత్తడి కడిగే మిషన్, పొడవు కత్తిరించే పరికరం కొనాలి. 2020 తర్వాత కొంతకాలం ప్రైమర్లు దొరకడమే గగనమైంది, దొరికినచోట ధర రెండింతలు, మూడింతలు. అన్నిటికంటే పెద్ద ఖర్చు, తూటా చవకపడిందని రెండింతలు పేలుస్తారు. మా భాంజానే ఒప్పుకున్నాడు, "మామూ, పైసా మిగల్లేదు, నిషానా మాత్రం బాగుపడింది" అని. ఆ రెండో మాట కోసం అయితే మొదలుపెట్టొచ్చు. ఒకే రైఫిల్‌కి, ఆ గొట్టానికి నచ్చే గోలీ, నచ్చే మందు వెతికి, ప్రతి తూటా ముందుదానిలా చేయగలిగితే దెబ్బలన్నీ ఒకేచోట పడతాయి.

వాడికి ఇంకో కారణం ఉంది. నవంబరులో జింకల సీజన్ మొదలైతే వేటకు వెళ్తాడు. జంతువు కూలగానే పరుగెత్తి, ప్రాణం ఉండగానే జిబహ్ చేయాలి. తుపాకీ దెబ్బతోనే ప్రాణం పోతే తినొచ్చా లేదా అన్న మసలాలో ఉలమాకి ఇఖ్తిలాఫ్ ఉంది, నేను అందులోకి వెళ్ళను. కానీ దెబ్బ తప్పి ఎక్కడో తగిలి, ఆ జింక నెత్తురోడుతూ పొదల్లో మాయమైతే దాని బాధకి జవాబు ఎవరు చెప్పుకోవాలి? ఈ విషయంలో వాడు పడే తక్లీఫ్ నాకు నచ్చింది.

వాడికి ఉస్తాద్ దొరికాడు, అది వాడి కిస్మత్. రేంజిలో పరిచయమైన ఒక తెల్ల ముసలాయన. ఈయన వీణ్ణి ఆరు నెలలు ప్రెస్ ముట్టనివ్వలేదు. "నీ రైఫిల్లోంచి పడిన ఖోఖాలే ఏరుకో, వేరేవాళ్ళవి వద్దు. ఒక మాన్యువల్ కొను, ముందు చాప్టర్లు చదివాక రా" అన్నాడట. లైమన్, హార్నడీ, సియెర్రా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి వేస్తున్న లావుపాటి పుస్తకాలివి. వెనక సగం మందు లెక్కల పట్టికలు. అందరూ నేరుగా అక్కడికే దూకుతారు. ఆ ముసలాయన షర్తు ఏమిటంటే ముందు సగం మీద సవాళ్ళు అడుగుతాను, జవాబు చెబితేనే వెనక సగం. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన మోతాదు విని పోసేవాళ్ళ గురించి నేను ఆయనకి మన సామెత తర్జుమా చేసి చెప్పాను: నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్. తెగ నవ్వాడు. రాసి ఇమ్మని అడిగి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొనిపించింది తరాజు. తూకం గ్రెయిన్లలో ఉంటుంది, 7000 గ్రెయిన్లు ఒక పౌండు. మన లెక్కలో చెప్పాలంటే ఒక గ్రెయిన్ గురిగింజ ఎత్తులో దాదాపు సగం. తరాజు అందులో పదో వంతు తేడా పట్టాలి, అంటే గురిగింజలో దాదాపు 20వ వంతు. కంసాలి కూడా ఊపిరి బిగబట్టే తూకం. మాన్యువల్‌లో ప్రతి గోలీకీ, ప్రతి మందుకీ ఒక మొదలు, ఒక హద్దు రాసి ఉంటాయి. మొదలు దగ్గరే మొదలుపెట్టాలి. హద్దు మనం చేరాల్సిన మంజిల్ అనుకుంటే అంతే సంగతులు.

ఇంత ఎహతియాత్ ఎందుకో ఒక్క అంకెతో అర్థమవుతుంది. మా వాడిది .308 వించెస్టర్. ఆ కార్తూస్‌కి అమెరికా పరిశ్రమ పెట్టుకున్న ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. కారు టైరులో గాలి 32, 35 పౌండ్లు. ఆ ఒత్తిడి పుట్టేది మీ చెంపకి జానెడు దూరంలో.

ఘలతీలు జరిగే చోట్లు చూస్తే అన్నీ చిన్నవే. ఖోఖాకి సరిగ్గా నూనె రాయకుండా డైలోకి నెట్టితే అక్కడే ఇరుక్కుంటుంది, మా వాడు మొదటి వారమే ఇరికించుకున్నాడు. అది నవ్వుకునే ఘలతీ. నవ్వుకోలేనివి వేరే ఉన్నాయి. కాల్చినకొద్దీ ఇత్తడి సాగుతుంది. .308కి ఖోఖా పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే మూతి ఛాంబర్ చివర నొక్కుకుని గోలీని పట్టేస్తుంది, ఒత్తిడి ఎక్కడికో వెళ్తుంది. ఖోఖా అడుగుభాగానికి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే లోపల గోడ పలచబడిందని అర్థం. ముసలాయన దీనికి యంత్రం ఏదీ వాడడు. ఒక పేపర్ క్లిప్ కొస వంచి లోపల పెట్టి గీరుతాడు, గాడి తగిలితే ఆ ఖోఖాని ప్లయర్‌తో నలిపి చెత్తలో వేస్తాడు. నలపకుండా వేస్తే ఇంకెవడో ఏరుకుంటాడట.

మందు పేర్ల మోసం ఇంకోటి. ఐఎంఆర్ 4895 అని ఒకటి, హెచ్ 4895 అని ఒకటి, అంకె ఒకటే, మందులు వేరు. ఒకదాని పట్టిక ఇంకోదానికి చెల్లదు. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి, మిగతావి అలమారాలో. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి వెళ్ళాలి. పేరు లేని సీసాలో మందు కనిపిస్తే, అది ఎంత ఖరీదైనా పారేయడమే.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. ఖోఖాలు కడిగే మిషన్‌లోంచి లేచే దుమ్ములోనూ ఉంటుంది. ఇది దస్తర్‌ఖాన్ పరిచే ఇంట్లో, వంటింటి బల్ల మీద చేసే పని కాదు. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా బిడ్డని ఎత్తుకోవద్దు.

ఇప్పుడు ఆ నలుగురిలో ముగ్గురికి నచ్చని సంగతి. వాళ్ళు హెచ్-1బి మీద ఉన్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, ఇంకొన్ని చిన్న మినహాయింపులున్నాయి. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలకీ ఇదే కానూన్. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళ సంగతి వేరు. దోస్త్ గ్యారేజీలో చేసిన తూటాలు సంచిలో వేసుకుని అపార్ట్‌మెంటుకి తెచ్చుకోవడం వీసాకే కాదు, స్వేచ్ఛకే ముప్పు. "అందరూ చేస్తున్నారు అంకుల్" అన్నాడొక అబ్బాయి. అందరిలో పట్టుబడేవాడు నీ పేరున్నవాడే అయితే అప్పుడు అందరూ కనిపించరు బేటా అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఏం చేస్తాం. వేట లైసెన్సు తీసుకో, లాయరుతో మాట్లాడు, ఆ తర్వాతే మిగతా ముచ్చట.

పేరు సంగతి వచ్చింది కాబట్టి, ఆపా భయం అసలు ఇదే. మందు పేలుతుందని కాదు ఆమెకి భయం. ముస్లిం ఇల్లు, గ్యారేజీలో బారూద్, గడ్డం ఉన్న కొడుకు. పక్కింటివాడు ఫోన్ చేస్తే? ఈ భయాన్ని నేను మజాక్‌గా తీసుకోను. ఇదే పని పక్కింటి జిమ్ చేస్తే హాబీ అంటారు. అయితే దీనికి జవాబు దాచుకోవడం అని నాకనిపించదు. దాచినదే షక్ పుట్టిస్తుంది. మా భాంజా కంపెనీ డబ్బాల్లోనే మందు ఉంచుతాడు. అక్కడి అగ్నిప్రమాదాల నిబంధన ఇంట్లో 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లో పెట్టుకోనిస్తుంది, ప్రైమర్లు 10,000 దాకా. వీడి దగ్గర రెండు డబ్బాలకి మించి ఉండదు. ముసలాయన వారానికోసారి వచ్చి, గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, వీధికి కనిపించేలా కుర్చీ వేసుకుని ఆపా చేసిన చాయ్ తాగుతాడు. అలా చేస్తే చాలని నేను అనను. ఆపా సగం రాత్రులు ఇంకా నిద్రపోదు.

మన దేశంలో ఉన్న పాఠకులకి: ఇది చదివి ఇక్కడ ప్రయత్నించొద్దు. 1959 ఆయుధాల చట్టం కింద తూటాలు తయారుచేయాలంటే దానికంటూ లైసెన్సు కావాలి. ఇంట్లో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. శిక్ష ఏళ్ళల్లో ఉంటుంది.

ఇక ఆ సాయంత్రం సంగతి చెప్పాలి. వెళ్ళిన మూడో వారం అనుకుంటాను. వాడు యాభై ఖోఖాలు వరసగా చెక్కదిమ్మలో నిలబెట్టి, ఒక్కోదానికి మందు తూచి పోసి, వెంటనే గోలీ బిగిస్తున్నాడు. నేను పక్కన స్టూల్ వేసుకుని మాట్లాడుతూనే ఉన్నాను. నానా వెదురు ముక్క గురించి, ఊళ్ళో పొలం తగాదా గురించి, ఎవరి నికాహ్ ఎక్కడ కుదిరిందో. వాడు అదబ్ ఉన్న పిల్లాడు, మామూని నోరు మూసుకోమనలేడు. మధ్యలో రెండుసార్లు తలెత్తి జవాబు కూడా చెప్పాడు. యాభై అయిపోయాయి. అన్నిటికీ గోలీలు బిగించేశాడు. అప్పుడు చూశాడు, తరాజు పళ్ళెంలో తూచిన మందు అలాగే ఉంది.

అంటే రెండే మాటలు. వాడు ఒకటి ఎక్కువ తూచి ఉండాలి, లేదా యాభైలో ఎక్కడో ఒక తూటా ఖాళీగా ఉండాలి. మందు లేని తూటా అంటే ఊరికే పేలకుండా పోయేది కాదు. ప్రైమర్ దెబ్బకే గోలీ కదిలి గొట్టంలో ఇరుక్కోవచ్చు. అది తెలియక వెనకనుంచి ఇంకోటి పేలిస్తే రైఫిల్ మొహం మీదే చీలుతుంది.

వాడి మొహంలో రంగు పోయింది. "మామూ, అన్నీ తూచి చూద్దాం, ఖాళీది తేలికగా తెలుస్తుంది" అన్నాడు. ముసలాయనకి ఫోన్ చేశాడు. ఆయన అన్నది ఏమిటంటే, మందు మొత్తానికే లేకపోతే ఇంత పెద్ద కార్తూస్‌లో బరువు తేడా తెలుస్తుంది, నిజమే. కానీ నువ్వు మాట్లాడుతూ చేశావు, ఒకదాంట్లో సగమే పడి ఉంటే? నీ ఖోఖాలు రెండు మూడు కంపెనీలవి, వాటి బరువుల తేడాలోనే ఆ తేడా కలిసిపోవచ్చు. యాభై విప్పు. విప్పేముందు ఆ దిమ్మలో మందు పోసి, టార్చి వేసి అన్నిటి లోపల మట్టం ఒకటేనా అని చూసి, ఆ తర్వాతే గోలీలు బిగించాలని నీకు ఎన్నిసార్లు చెప్పాను?

విప్పడానికి సుత్తిలాంటి ప్లాస్టిక్ పరికరం ఒకటి ఉంటుంది. తూటాని అందులో బిగించి చెక్క మీద కొడితే గోలీ జారి బయటికొస్తుంది. ఒక్కోదానికి మూడు నాలుగు దెబ్బలు. రాత్రి పదకొండు దాకా కొట్టాం, చివరి పది నేను కొట్టాను. లోపల ఆపా ఇంకా ఏమేమి జరుగుతున్నాయో అని దువా చేసుకుంటూ కూర్చుంది. యాభైలోనూ మందు ఉంది, పూర్తిగా ఉంది. పళ్ళెంలోది వాడు అదనంగా తూచిందే.

"చూశారా మామూ, మూడు గంటలు వేస్ట్" అన్నాడు. నేనేమీ అనలేదు, తప్పు నాది. నేలమీద చిందిన మందు మాత్రం మళ్ళీ డబ్బాలోకి పోయనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే వాడు దాన్ని లాన్‌లో పలచగా చల్లాడు. గడ్డికి మంచిదట. ఆపా పుదీనా కుండీల దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

తర్వాతి ఆదివారం వాడు అవే యాభై ఖోఖాలు మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోన్ నాకిచ్చి, గ్యారేజీలోకి వెళ్ళి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. నేనూ ఆపా హాల్లో కూర్చున్నాం. రెండుసార్లు కర్నూలు నుంచి కాల్ వచ్చింది, ఎత్తలేదు.